జె. రామేశ్వరరావు

రాజా జనుంపల్లి రామేశ్వరరావు (1923 - 1998) వనపర్తి సంస్థానపు చివరి రాజా, దౌత్యవేత్త, పార్లమెంటు సభ్యుడు, పుస్తక ప్రచురణకర్త. ఇదే పేరుతో వనపర్తిని పాలించిన పూర్వీకులు ఉన్నందున ఈయనను మూడవ రామేశ్వరరావు అని కూడా వ్యవహరిస్తారు. పశ్చిమాఫ్రికాలోని గోల్డ్ కోస్ట్ (నేటి ఘనా) ఇంకా బ్రిటిషు వలసగా ఉన్న కాలంలో దాని రాజధాని అక్రాలో భారతదేశపు మొదటి కమిషనరుగా పనిచేశాడు. నైజీరియా వ్యవహారాలు కూడా ఆయన పరిధిలోనే ఉండేవి. తరువాత పాలమూరు ప్రాంతం నుండి ఐదు పర్యాయాలు లోక్‌సభకు ఎన్నికయ్యాడు. హైదరాబాదు కేంద్రంగా ఓరియంట్ లాంగ్‌మన్ ప్రచురణ సంస్థను నడిపించాడు.

వనపర్తి సంస్థానం

నిజాం పాలనలోని హైదరాబాదు రాజ్యంలో కప్పం చెల్లిస్తూ తమ అంతరంగిక పాలనను తామే సాగించుకొన్న హిందూ సంస్థానాలు కొన్ని ఉండేవి. నేటి పాలమూరు ప్రాంతంలో గద్వాల, జటప్రోలు, ఆత్మకూరు, వనపర్తి వాటిలో ముఖ్యమైనవి. వనపర్తి సంస్థానానికి మూలపురుషుడు వీరకృష్ణారెడ్డి. తొలి రోజులలో వీరి రాజధాని సూగూరు. తరువాత అది వనపర్తికి మారింది. పాలకుల ఇంటిపేరు జనుంపల్లి.

ఈ సంస్థానానికి ఆఫ్రికాతో ఉన్న సంబంధం రామేశ్వరరావుతో మొదలైనది కాదు. 19వ శతాబ్దంలో వనపర్తిని పాలించిన మొదటి రామేశ్వరరావు ఆఫ్రికా సంతతికి చెందిన సిద్దీలతో ఒక అశ్వదళాన్ని ఏర్పాటు చేశాడు. అనంతరం ఈ దళం నిజాం సైన్యంలో చేరి ఆఫ్రికన్ అశ్వరక్షక దళంగా పేరుపొందింది. హైదరాబాదులో మాసాబ్ ట్యాంకు సమీపాన వీరు నివసించిన ప్రాంతానికి ఏ.సి. గార్డ్స్ అన్న పేరు ఆ దళం నుండి వచ్చినదే. ఆ సైనికుల వారసులు నేటికీ నగరంలో ఉన్నారు. అయితే సిద్దీల పూర్వీకులు అధికంగా తూర్పు ఆఫ్రికా తీరం నుండి వచ్చినవారు. రామేశ్వరరావు తరువాతి కాలంలో పనిచేసిన గోల్డ్ కోస్ట్ ఆ ఖండానికి మరొక అంచున ఉంది. పూర్వీకుడు ఆఫ్రికన్లను తన కొలువులో అంగరక్షకులుగా నిలిపితే, అదే పేరు గల వారసుడు స్వతంత్రులు కాబోతున్న ఆఫ్రికన్ల మధ్యకు మరొక స్వతంత్ర దేశపు ప్రతినిధిగా వెళ్ళాడు. సుమారు నూరేళ్ళలో ఈ సంబంధ స్వరూపం ఎంత మారిందో ఈ రెండు ఘట్టాలు చూపుతాయి.

బాల్యం, విద్య

రామేశ్వరరావు 1923లో జన్మించాడు. తండ్రి కృష్ణదేవరావు, తల్లి సరళాదేవి. హైదరాబాదులోని నిజాం కళాశాలలోను, మద్రాసు విశ్వవిద్యాలయంలోను ఉన్నత విద్యను అభ్యసించాడు. ఆయన సహధర్మచారిణి శాంతా రామేశ్వరరావు రచయిత్రిగా, విద్యావేత్తగా ప్రసిద్ధురాలు.

సంస్థానం విలీనం

1948 సెప్టెంబరులో జరిగిన పోలీసు చర్యతో హైదరాబాదు రాజ్యం భారత యూనియన్‌లో కలిసింది. 1949లో జాగీర్దారీ వ్యవస్థ రద్దయింది. తరతరాలుగా సాగిన సంస్థానాధిపత్యం ఆ విధంగా రామేశ్వరరావు యౌవనంలోనే ముగిసిపోయింది. అప్పటికి ఆయన వయస్సు ఇరవై ఆరు సంవత్సరాలు మాత్రమే. హోదా పోయిన అనేక కుటుంబాలు ఉన్న ఆస్తులను కాపాడుకోవడంలోనే కాలం గడిపిన ఆ రోజులలో ఆయన ప్రభుత్వ సేవను ఎన్నుకున్నాడు.

సంస్థానం జ్ఞాపకంగా ఈ ప్రాంతంలో మిగిలిన వాటిలో సరళాసాగర్ ఒకటి. రామేశ్వరరావు తల్లి పేరు మీద కొత్తకోట సమీపంలో నిర్మించిన ఈ జలాశయానికి 1949లో శంకుస్థాపన జరుగగా 1959లో నిర్మాణం పూర్తయింది. నీటిమట్టం నిర్ణీత స్థాయికి చేరగానే ఎవరి ప్రమేయం లేకుండా నీరు తనంతట తానే బయటకు పోయే సైఫన్ విధానం దీని ప్రత్యేకత. 2019 డిసెంబరు 31న దీని కట్టకు గండి పడింది.

దౌత్యరంగ ప్రవేశం

భారత విదేశాంగ సేవ 1946లో ఏర్పడింది. స్వాతంత్ర్యం వచ్చిన వెంటనే అనేక దేశాలలో కార్యాలయాలు తెరవవలసి రావడంతో, అనుభవం గల అధికారులు చాలక, సివిలు సర్వీసు ఉద్యోగులతో పాటు మాజీ సంస్థానాల కుటుంబాల వారిని, సైనికాధికారులను, ప్రజాజీవితంలో పేరున్న వారిని కూడా ఈ సేవలోకి తీసుకున్నారు. రామేశ్వరరావు ఆ తొలితరానికి చెందినవాడు.

ఆయన మొదట తూర్పు ఆఫ్రికాలోని నైరోబిలో భారత కమిషను ప్రథమ కార్యదర్శిగా పనిచేశాడు. ఆ కార్యాలయానికి 1948 నుండి 1954 వరకు కమిషనరుగా ఉన్న అప్పా పంత్ మహారాష్ట్రలోని ఔంధ్ సంస్థానాధిపతి కుమారుడు. రెండు సంస్థానాల వారసులు ఒకే కార్యాలయంలో వలస పాలన క్రింద ఉన్న దేశంలో గణతంత్ర భారతానికి ప్రతినిధులుగా ఉండడం ఆ కాలపు విశేషం.

కెన్యాలో భారతీయుల స్థితి సున్నితమైనది. 1896 - 1901 మధ్య ఉగాండా రైలుమార్గం నిర్మాణానికి సుమారు 32,000 మంది భారతీయ కార్మికులను అక్కడకు తరలించారు. వారిలో కొందరు అక్కడే స్థిరపడ్డారు. అంతకు మించి గుజరాతు, పంజాబు ప్రాంతాల నుండి వర్తకులు, వృత్తినిపుణులు వెళ్ళారు. పైన తెల్లజాతి పాలకులు, దిగువన భూమిని పోగొట్టుకున్న ఆఫ్రికన్లు, మధ్యలో దుకాణాలు నడిపే భారతీయులు అన్నట్లుగా సమాజం చీలి ఉండేది. విదేశాలలోని భారతీయులు ఆఫ్రికన్ల ప్రయోజనాలకు అడ్డు రాకూడదని, వారికి నష్టం కలిగించే ఏ ప్రత్యేక హక్కునూ భారత ప్రభుత్వం సమర్థించదని ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ విధానంగా ప్రకటించాడు. ఈ విధానం అక్కడి భారతీయులందరికీ నచ్చలేదు. ఇటు వలస ప్రభుత్వం భారత కమిషను కదలికలను అనుమానంతో చూసేది. 1952 అక్టోబరులో కెన్యాలో అత్యవసర పరిస్థితిని విధించి జోమో కెన్యాట్టాను నిర్బంధించినప్పుడు, ఆయన తరపున వాదించిన న్యాయవాదులలో భారతదేశం నుండి వెళ్ళిన దివాన్ చమన్‌లాల్ ఒకడు.

గోల్డ్ కోస్ట్‌లో కమిషనరుగా

నేపథ్యం

పశ్చిమాఫ్రికాలో పరిస్థితి తూర్పుకు భిన్నమైనది. గోల్డ్ కోస్ట్‌లో స్థిరపడిన తెల్లజాతి భూస్వాములు లేరు. భారతీయులు కూడా స్వల్పసంఖ్యలో, ఎక్కువగా సింధీ వర్తకులుగా ఉండేవారు. ఆనాడు ప్రపంచంలో అత్యధికంగా కోకో పండించే దేశం అదే. ఆ పంట ఆఫ్రికన్ రైతుల చేతిలోనే ఉండేది.

రెండవ ప్రపంచ యుద్ధం ఈ రెండు దేశాల సామాన్యులను ఒకచోటికి తెచ్చింది. పశ్చిమాఫ్రికా నుండి వచ్చిన 81వ, 82వ డివిజన్ల సైనికులు భారతదేశం మీదుగా బర్మా యుద్ధరంగానికి వెళ్ళి జపాను సేనలతో పోరాడారు. తిరిగి స్వదేశం చేరిన ఈ సైనికులకు ఉద్యోగాలు గాని, ఆశించిన ఆదరణ గాని లభించలేదు. 1948 ఫిబ్రవరి 28న తమ విన్నపాన్ని గవర్నరుకు సమర్పించేందుకు అక్రాలో ఊరేగింపుగా వెళ్తున్న మాజీ సైనికులపై జరిగిన కాల్పులలో ముగ్గురు మరణించారు. దీనితో నగరంలో అల్లర్లు చెలరేగాయి. గోల్డ్ కోస్ట్ స్వాతంత్ర్యోద్యమంలో ఇది కీలక ఘట్టం.

1949 జూన్‌లో క్వామే ఎన్‌క్రుమా కన్వెన్షన్ పీపుల్స్ పార్టీని స్థాపించాడు. 1950 జనవరిలో సమ్మెలు, వస్తు బహిష్కరణలు, సహాయ నిరాకరణ పద్ధతులతో ఉద్యమాన్ని నడిపాడు. గాంధీ పోరాట పద్ధతి ఈ ఉద్యమానికి ఒక ప్రేరణ. ప్రభుత్వం ఎన్‌క్రుమాను జైలులో పెట్టింది. 1951 ఫిబ్రవరి ఎన్నికలలో జైలు నుండే గెలుపొందిన ఆయనను గవర్నరు చార్లెస్ ఆర్డెన్-క్లార్క్ విడుదల చేసి ప్రభుత్వ ఏర్పాటుకు ఆహ్వానించాడు. 1952లో ఎన్‌క్రుమా ప్రధానమంత్రి అయ్యాడు.

కమిషను ఏర్పాటు

1953లో భారతదేశం అక్రాలో తన కార్యాలయాన్ని ప్రారంభించింది. రామేశ్వరరావు దానికి మొదటి కమిషనరు. సాధారణంగా స్వతంత్ర దేశాల మధ్య రాయబారులు ఉంటారు. కామన్వెల్తు దేశాల మధ్య అయితే హైకమిషనర్లు ఉంటారు. గోల్డ్ కోస్ట్ ఇంకా వలస రాజ్యమే కనుక అక్కడి భారత ప్రతినిధికి కమిషనరు హోదా మాత్రమే లభించింది. ఎన్‌క్రుమా మంత్రివర్గం విద్య, వైద్యం, స్థానిక పాలన వంటి విషయాలను నిర్వహించేది. విదేశాంగం, రక్షణ మాత్రం బ్రిటిషు గవర్నరు చేతిలో ఉండేవి.

కమిషనరు పనిలోని క్లిష్టత ఇక్కడే ఉంది. ఆయన అధికారికంగా వ్యవహరించవలసినది గవర్నరుతో. కాని ఆయన దేశానికి ఆసక్తి ఉన్నది రేపు అధికారంలోకి రాబోయే ప్రజానాయకులపై. నాయకులతో అతిగా చనువు చూపితే వలస ప్రభుత్వం అభ్యంతరం చెప్పవచ్చు. గవర్నరు వైపే నిలిస్తే ప్రజల విశ్వాసం దక్కదు. పైగా ప్రజాపక్షం కూడా ఒకటిగా లేదు. 1954 సెప్టెంబరులో అశాంతి ప్రాంతంలో ఏర్పడిన జాతీయ విమోచన ఉద్యమం ఎన్‌క్రుమాను ఎదిరించి సమాఖ్య రాజ్యాంగాన్ని కోరింది. కోకో ధర విషయంలో రైతుల అసంతృప్తి దీనికి బలం చేకూర్చింది. భాషాప్రయుక్త రాష్ట్రాల సమస్యతో సతమతమవుతున్న భారతదేశపు ప్రతినిధికి ప్రాంతీయ ఆకాంక్షల బలం కొత్త విషయం కాదు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినది కూడా అక్రా కమిషను ప్రారంభమైన 1953లోనే.

నైజీరియా పరిస్థితి మరింత భిన్నం. మూడు ప్రాంతాలుగా విభజింపబడి, మూడు ప్రధాన పక్షాల పోటీ మధ్య ఆ దేశం స్వపరిపాలన వైపు అడుగులు వేస్తూ ఉండేది. భారతదేశానికి లాగోసులో ప్రత్యేక కార్యాలయం 1958లో గాని ఏర్పడలేదు. అంతవరకు నైజీరియాతో సంబంధాలకు అక్రా కార్యాలయమే ఆధారం.

ఆఫ్రో-ఆసియా సంఘీభావం

రామేశ్వరరావు అక్రాలో ఉన్న కాలంలోనే 1955 ఏప్రిల్‌లో ఇండోనేషియాలోని బాండుంగ్ నగరంలో ఆసియా, ఆఫ్రికా దేశాల మహాసభ జరిగింది. స్వాతంత్ర్యం ఇంకా రాకపోయినా గోల్డ్ కోస్ట్‌ను ఆ సభకు ఆహ్వానించారు. విదేశాంగ వ్యవహారాలపై అధికారం లేనందున ఎన్‌క్రుమా స్వయంగా హాజరు కాలేకపోయాడు. ఆయన సహచరుడు కోజో బోట్సియో అక్కడ ప్రాతినిధ్యం వహించాడు.

ఆ సంవత్సరాలలో భారతదేశం తన ఆర్థిక స్థితి అంతంత మాత్రంగా ఉన్నప్పటికీ ఆఫ్రికా విద్యార్థులకు ఉపకార వేతనాలు ఇచ్చి ఇక్కడి విశ్వవిద్యాలయాలలో చేర్చుకుంది. 1950లో ఏర్పడిన భారత సాంస్కృతిక సంబంధాల మండలి ఈ కార్యక్రమానికి తోడ్పడింది. 1955లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఆఫ్రికా అధ్యయన విభాగం ప్రారంభమైంది. వలస దేశాలలోని భారత కమిషన్లకు ఇటువంటి విద్యా, సాంస్కృతిక సంబంధాలే ప్రధాన సాధనాలు. సైనిక ఒప్పందాలు గాని, భారీ ఋణాలు గాని వాటి చేతిలో లేవు.

ఘనా స్వాతంత్ర్యం, తరువాతి పరిణామాలు

1956 మే నెలలో ఐక్యరాజ్యసమితి పర్యవేక్షణలో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో బ్రిటిషు టోగోలాండ్ ప్రజలలో అధికసంఖ్యాకులు గోల్డ్ కోస్ట్‌తో కలయికను కోరుకున్నారు. జూలైలో జరిగిన ఎన్నికలలో ఎన్‌క్రుమా పక్షం 104 స్థానాలకు గాను 71 గెలుచుకుంది. 1957 మార్చి 6న గోల్డ్ కోస్ట్ ఘనా అన్న పేరుతో స్వతంత్రమైంది. వెనువెంటనే భారత, ఘనా దేశాల మధ్య పూర్తిస్థాయి దౌత్య సంబంధాలు ఏర్పడ్డాయి. నాలుగేళ్ళ ముందే అక్రాలో కార్యాలయం ఉండడం వలన ఈ మార్పు సులువుగా జరిగింది.

1958 డిసెంబరులో ఎన్‌క్రుమా భారతదేశాన్ని సందర్శించాడు. 1959లో ఘనా వైమానిక దళాన్ని ఏర్పాటు చేసినప్పుడు భారత, ఇజ్రాయెల్ అధికారులు శిక్షణలో తోడ్పడ్డారు. దాని మొదటి అధిపతి భారత వైమానిక దళానికి చెందిన జస్వంత్ సింగ్. 1961లో బెల్‌గ్రేడ్‌లో అలీనోద్యమం రూపొందినప్పుడు నెహ్రూ, నాసర్, టిటో, సుకర్ణోలతో పాటు ఎన్‌క్రుమా కూడా ముఖ్య స్థాపకులలో ఒకడు.

అయితే ఈ స్నేహంలో ఒడుదొడుకులు లేకపోలేదు. 1962లో చైనా భారతదేశంపై దాడి చేసినప్పుడు, భారతదేశానికి ఆయుధ సహాయం చేయవద్దని ఎన్‌క్రుమా బ్రిటను ప్రధానికి విజ్ఞప్తి చేశాడు. ఇది భారతదేశంలో నిరాశ కలిగించింది. ఆ డిసెంబరులో సరిహద్దు వివాదంపై రాజీకి ప్రయత్నించిన కొలంబో సమావేశంలో పాల్గొన్న ఆరు దేశాలలో ఘనా ఒకటి. 1966 ఫిబ్రవరి 24న జరిగిన సైనిక తిరుగుబాటులో ఎన్‌క్రుమా పదవి కోల్పోయి గినీలో ప్రవాసం గడిపి 1972లో మరణించాడు.

నైజీరియా 1960 అక్టోబరు 1న స్వతంత్రమైంది. 1962 సెప్టెంబరులో నెహ్రూ ఆ దేశాన్ని సందర్శించాడు. కడునాలో 1964లో నెలకొల్పిన రక్షణ అకాడమీ ఏర్పాటులో భారత సైన్యం సహాయపడింది. తరువాతి దశాబ్దాలలో అనేకమంది భారతీయ ఉపాధ్యాయులు, వైద్యులు, ఇంజనీర్లు నైజీరియాలో పనిచేశారు. వీరిలో తెలుగువారు కూడా ఉన్నారు.

రాజకీయ జీవితం

దౌత్యసేవ నుండి తిరిగివచ్చిన రామేశ్వరరావు 1957 సాధారణ ఎన్నికలలో కాంగ్రెసు అభ్యర్థిగా మహబూబ్‌నగర్ నుండి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. 1962లో గద్వాల నియోజకవర్గం నుండి, 1967లో తిరిగి మహబూబ్‌నగర్ నుండి గెలుపొందాడు.

1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం ఉధృతంగా సాగింది. 1971 ఎన్నికలలో తెలంగాణ ప్రజా సమితి ఈ ప్రాంతంలోని 14 స్థానాలలో 10 గెలుచుకుంది. వాటిలో రామేశ్వరరావు గెలిచిన మహబూబ్‌నగర్ స్థానం ఒకటి. అదే సంవత్సరం ప్రజా సమితి కాంగ్రెసులో విలీనమైంది. 1977లో ఉత్తర భారతమంతటా కాంగ్రెసు ఓడిపోయినప్పటికీ ఆంధ్ర ప్రదేశ్‌లో 42 స్థానాలకు 41 దక్కించుకుంది. ఆ ఎన్నికలలో ఆయన కాంగ్రెసు తరపున ఐదవసారి విజయం సాధించాడు. రెండవ లోక్‌సభ నుండి ఆరవ లోక్‌సభ వరకు వరుసగా సభ్యుడు కావడం ఆయన ప్రత్యేకత.

ప్రచురణ రంగం

లాంగ్‌మన్స్ గ్రీన్ అన్న బ్రిటిషు సంస్థ 1906లో కలకత్తాలో శాఖను ప్రారంభించింది. స్వాతంత్ర్యానంతరం అది ఓరియంట్ లాంగ్‌మన్స్ పేరుతో భారతీయ కంపెనీగా నమోదైంది. రామేశ్వరరావు దీనికి అధ్యక్షుడై, విదేశీ సంస్థ నీడ నుండి భారతీయ యాజమాన్యంలోకి తెచ్చాడు. సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాదుకు మారింది. ఆంగ్ల ప్రచురణ వ్యాపారం కలకత్తా, బొంబాయి, ఢిల్లీ నగరాల చుట్టూ తిరుగుతున్న కాలంలో ఒక పెద్ద సంస్థ తెలుగునాట కేంద్రాన్ని ఏర్పరచుకోవడం గుర్తించదగిన విషయం. పాఠ్యపుస్తకాలతో పాటు చరిత్ర, సాంఘిక శాస్త్రాలలో ఈ సంస్థ గ్రంథాలు విద్యార్థులకు సుపరిచితాలు.

మౌలానా అబుల్ కలాం ఆజాద్ ఆత్మకథను 1959లో ప్రచురించినది ఈ సంస్థే. అందులో దాదాపు 30 పుటలను ముప్పై ఏళ్ళ వరకు బయటపెట్టరాదని రచయిత కోరినందున వాటిని ముద్రవేసి భద్రపరిచారు. న్యాయస్థాన వివాదం తరువాత ఆ భాగం వెలువడి, 1988లో సంపూర్ణ ప్రతి ముద్రణ పొందింది. 2008లో సంస్థ పేరు ఓరియంట్ బ్లాక్‌స్వాన్‌గా మారింది.

విద్యాసేవ

వనపర్తి రాజభవనం విద్యాసంస్థగా మారింది. 1959లో అందులో ప్రారంభమైన పాలిటెక్నిక్ కళాశాల కృష్ణదేవరావు పేరుతో కె.డి.ఆర్. పాలిటెక్నిక్‌గా ప్రసిద్ధి చెందింది. వెనుకబడిన పాలమూరు ప్రాంతపు గ్రామీణ యువకులకు సాంకేతిక విద్యను అందుబాటులోకి తెచ్చిన తొలి సంస్థలలో ఇది ఒకటి. శాంతా రామేశ్వరరావు 1961లో హైదరాబాదులో విద్యారణ్య పాఠశాలను స్థాపించింది. పరీక్షల పోటీకి, శిక్షలకు తావివ్వని బోధనకు ఈ పాఠశాల పేరుపొందింది.

మరణం, వారసత్వం

రామేశ్వరరావు 1998లో మరణించాడు. 2016 అక్టోబరులో వనపర్తి ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది.

ఆయన దౌత్యజీవితం కొద్ది సంవత్సరాలదే అయినా చరిత్రలో దానికి ప్రత్యేక స్థానం ఉంది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత ఒక దేశంతో సంబంధాలు నెరపడం అందరూ చేసే పని. స్వాతంత్ర్యం రాకముందే అది వస్తుందన్న నమ్మకంతో అక్కడ కార్యాలయం తెరవడం అరుదు. ఆ కార్యాలయ భారాన్ని, తన సంస్థానం రద్దయిన నాలుగేళ్ళకే, పాలమూరు నుండి వెళ్ళిన ముప్పై ఏళ్ళ యువకుడు వహించాడు. 2016 జూన్‌లో ఘనా విశ్వవిద్యాలయంలో భారత రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ గాంధీ విగ్రహాన్ని ఆవిష్కరించగా, ఆఫ్రికన్ల పట్ల గాంధీ తొలినాటి అభిప్రాయాలపై అధ్యాపకులు, విద్యార్థులు అభ్యంతరం తెలిపినందున 2018 డిసెంబరులో దానిని తొలగించారు. రెండు దేశాల స్నేహం విగ్రహాలతో నిలిచేది కాదని, ఒకరినొకరు సమానులుగా గుర్తించడంపై ఆధారపడి ఉంటుందని ఈ ఉదంతం గుర్తుచేస్తుంది. 1953లో అక్రా కమిషను ముందు ఉన్న కర్తవ్యం కూడా అదే.